ఆయన ఓడిపోయిన అష్టమి

మా గురువుగారు ఏ సభలోనూ ఎవరి చేతిలోనూ ఓడిపోలేదని రాజమండ్రిలో ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ మాట విన్నప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది. ఆయన ఒకసారి ఓడిపోయారు. సొంత ఇంట్లో, శిష్యుల ముందు, తన నోటితోనే ఒప్పుకొని మరీ ఓడిపోయారు. అంత గొప్పగా ఓడిపోయిన మనిషిని నేను మళ్లీ చూడలేదు. ఆ సంగతి వదిలేసి మిగిలినవన్నీ పొగిడితే ఆయన్ను సగమే చూసినట్టు.

ఆయన తర్కశాస్త్ర పండితులు. ఎక్కడెక్కడి సభలకో పిలిచేవారు. సన్మానాల్లో కప్పిన శాలువాలతో చెక్క బీరువా నిండిపోతే, ఆయన భార్య వాటిని వీధిలో బాలింతలకు పంచేసేవారు. ఆ వీధిలో పుట్టిన పిల్లలందరూ పట్టు జరీ శాలువాల్లో చుట్టబడి పెరిగినవాళ్లే. అందుకు ఆయన ఎప్పుడూ ఏమీ అనలేదు. అసలు ఆయన గమనించారో లేదో కూడా నాకు అనుమానమే.

నేను ఆ ఇంటికి చేరిన దారి మాత్రం విచిత్రంగా ఉంటుంది. మాది ధవళేశ్వరం దిగువన గోదావరి గట్టు మీద చేపలు పట్టేవాళ్ల పేట. నాన్నకు పడవ ఉండేది, అమ్మ గంపతో మార్కెట్టుకు వెళ్లేది. తొంభైల మొదట్లో ఇంటర్‌లో చేరినప్పుడు అందరిలాగే నేనూ సంస్కృతం తీసుకున్నాను. భక్తి వల్ల కాదు. సంస్కృతమైతే మార్కులు ఊరికే వచ్చి పడతాయని కాలేజీ మొత్తం చెప్పుకునేది కాబట్టి.

మాకు సంస్కృతం చెప్పే లెక్చరర్‌గారు పాఠం మధ్యలో ఎటెటో వెళ్లిపోయేవారు. ఒకరోజు తర్కం గురించి చెబుతూ, కొండ మీద పొగ కనిపిస్తే అక్కడ నిప్పు ఉందని మనం తేల్చుకుంటాం, వంటింట్లో పొగా నిప్పూ కలిసి ఉండటం ముందే చూసి ఉంటాం కనుక, అన్నారు. నాకు నోరు ఊరుకోదు. లేచి నిలబడి మా నాన్న సంగతి చెప్పాను. చలికాలం పొద్దున్నే నది మధ్య లంక మీద లేచిన మంచును చూసి, అక్కడెవరిదో పాక తగలబడుతోందనుకొని, ఇద్దరిని వెంటేసుకొని పడవ వేసుకు వెళ్లాడు. అక్కడ నిప్పూ లేదు, పాకా లేదు. అందరి చేతా తిట్లు తిని వచ్చాడు. మరి ఆయన చూసిందీ పొగే అనుకున్నాడు కదండీ, నిప్పేదీ అని అడిగాను.

క్లాసంతా నవ్వింది. లెక్చరర్‌గారూ నవ్వి, దీనికి పెద్ద సమాధానం ఉందమ్మా, మా గురువుగారిని అడుగు అన్నారు. నన్ను కూర్చోబెట్టడానికి అన్న మాట అది. నేను నిజమే అనుకున్నాను. వీధి పేరు కనుక్కొని ఆ సాయంత్రమే వెళ్లాను.

పాత పెంకుటిల్లు. లోపల మండువాలో చాపల మీద నలుగురైదుగురు శిష్యులు కూర్చుని ఉన్నారు. ఆయన గోడకు ఆనుకొని కూర్చున్నారు. బక్కపలచని మనిషి, కళ్లజోడు ఒక కాడ విరిగితే దారంతో కట్టుకున్నారు. నేను గుమ్మం దగ్గరే నిలబడి లంక, మంచు, తిట్లు, అన్నీ చెప్పాను. ఎవరూ నవ్వలేదు. ఆయన సమాధానం చెప్పకుండా నా ప్రశ్నే మళ్లీ నాకు చెప్పడం మొదలుపెట్టారు.

"నువ్వడిగేది మంచు గురించి కాదమ్మా. మీ నాన్నగారు పొరబడిన ఆ క్షణంలో, పొరబడుతున్నానని ఆయనకు తెలియదు. సరిగ్గా చూసినప్పుడు ఎంత ధీమాగా ఉంటామో, తప్పు చూసినప్పుడూ అంతే ధీమాగా ఉంటాం. మరి ఏ ధీమాను నమ్మాలి? ఇదేనా నీ సందేహం?"

నేను అంత దూరం ఆలోచించలేదు. కానీ ఆయన చెప్పాక, నేను అడగదలచుకున్నది అదేనని తెలిసింది. అవునండి అన్నాను.

"ఇంతేనా? ఇంకేమైనా మిగిలిందా?"

మిగల్లేదన్నాక అప్పుడు సమాధానం చెప్పారు. దీపాలు పెట్టేవేళ దాకా చెప్పారు. అందులో నాకు అర్థమైంది తక్కువ. బస్సు దిగి గోదావరి గట్టు మీద ఇంటికి నడిచి వెళుతుంటే మనసులో తిరుగుతున్నది ఆ సమాధానం కాదు, నా ప్రశ్న. నాలాంటిదాని తిక్క ప్రశ్నను అంత శ్రద్ధగా చేతుల్లోకి తీసుకొని, మట్టి దులిపి, ఇదిగో నీ వస్తువు ఇది అని చూపించినవాళ్లు అప్పటిదాకా ఎవరూ లేరు. మా పేటలో గానీ, చేపల మార్కెట్లో గానీ ఎదుటివాళ్ల మాట సగంలో తెంపేసి మన మాట అందుకోవడమే అలవాటు. అందులో నేను అందరికంటే రెండాకులు ఎక్కువే చదివాను.

తర్వాత లెక్చరర్‌గారు చెప్పారు, అది శాస్త్రం చెప్పేవాళ్ల పద్ధతట. ఎదుటివారి వాదాన్ని పూర్వపక్షం అంటారు. దాన్ని ముందు మనమే చెప్పాలి. అవును, నా మాట ఇదే అని వాళ్లు ఒప్పుకునేదాకా చెప్పాలి. ఆ తర్వాతే ఖండించాలి. చాలామంది పండితులు దీన్ని తూతూమంత్రంగా కానిచ్చేస్తారు, ఎదుటివాడి వాదాన్ని గడ్డిబొమ్మలా నిలబెట్టి ఒక్క తన్ను తంతారు. మా గురువుగారి దగ్గర అది కుదరదు. ఎదుటివాడికి తట్టని యుక్తిని కూడా ఆయనే వెతికి వాడి పక్షాన చేర్చేవారు. అలా బలమంతా ఇచ్చాక దాన్ని పడగొట్టేవారు. అందుకే ఆయన చేతిలో ఓడినవాళ్లకు ఆయన మీద కోపం ఉండేది కాదట.

ఇంటర్ అయిపోయిన వేసవిలో వెళ్లి, నాకు తర్కం చెప్పండి అని అడిగాను. ఆయన విసుక్కోలేదు. నెమ్మదిగానే కాదన్నారు. కాలేజీలో ఎవరికైనా చెబుతారు, అక్కడ చేరి చదువుకో, ఇంటి పాఠానికి మా గురువుగారు పెట్టిన పద్ధతి వేరు, ఆడపిల్లలకు గానీ బయటివాళ్లకు గానీ చెప్పడం లేదు అన్నారు. ఆయన భార్య నాకు మజ్జిగ ఇచ్చారు. తాగి, గ్లాసు కడిగి బోర్లించి, గేటు దాకా వెళ్లాను. చెప్పులు వేసుకున్నాను. గోడ పక్కన నక్కి పాఠాలు వినే రకాన్ని కాదు నేను. చెప్పులు మళ్లీ విప్పేసి లోపలికి వచ్చాను.

"మీరు కాదన్నారండి, సరే. కానీ నా పక్షం చెప్పకుండానే కాదన్నారు."

శిష్యులు నా వైపు చూసిన చూపు ఇంకా గుర్తుంది. ఆయన మాత్రం నన్ను చూడలేదు. ఒళ్లో ఉన్న చేతుల వైపు చాలాసేపు చూసుకున్నారు. తప్పు నాదేనమ్మా అన్నారు చివరికి. ఎల్లుండి అష్టమి, ఆ రోజు పాఠం ఉండదు, నువ్వు రా, నీ పక్షం నేనే చెబుతాను, ఆ తర్వాత ఖండిస్తాను, ఖండించాక ఇంక అడగకూడదు అన్నారు. పాడ్యమి, అష్టమి లాంటి తిథుల్లో శాస్త్రపాఠం చెప్పరు. అందుకని ఆ రోజు పెట్టారు. నేను ఊరుకున్నానా? ఖండించలేకపోతేనండి అని అడిగాను.

"అప్పుడు ఓడిపోయినట్టే కదమ్మా" అన్నారు, రేపు వాన పడొచ్చు అన్నంత మామూలుగా.

ఇంట్లో నాన్న, ఆ పెద్దవాళ్లతో మనకేంటే అని కసిరాడు. అమ్మ ఆ రోజు గంప ఎత్తలేదు. తలంటుకొని, పెళ్లిళ్లకు కట్టే చీర కట్టుకొని నాతో బయలుదేరింది. గురువుగారు ఒకసారి కాదని తేల్చేస్తే ఇంట్లో ఈ గోల వదులుతుందని ఆవిడ ఆశ. నేను గెలుస్తానని ఆ రోజు మా ఇద్దరిలో ఎవరూ అనుకోలేదు. ఆయన ఎవరి చేతిలోనూ ఓడని మనిషి కదా. వెళ్లి నా ముచ్చట నేనే పూర్తిగా చంపుకోబోతున్నానని బస్సులో కూర్చున్నాక గానీ నాకు తెలిసిరాలేదు. కిటికీ లోంచి చూస్తూ ఏడుపు ఆపుకున్నాను.

అమ్మ మండువాలోకి రానని బయట అరుగు మీదే కూర్చుంది. గురువుగారి భార్య బయటికి వచ్చి, మీరిక్కడ కూర్చుంటే నేనెక్కడ కూర్చోనండీ అని చేయి పట్టుకొని లోపలికి తీసుకొచ్చి, వంటింటి గుమ్మం పక్కన పీట వేశారు. శిష్యులంతా ఉన్నారు. మా లెక్చరర్‌గారు వచ్చారు. మండపేట నుంచి ఒక పెద్దాయన కూడా వచ్చారు. ఆయనా మా గురువుగారూ ఒకే గురువు దగ్గర చదువుకున్నవారు, చిన్నప్పటి నుంచీ స్నేహితులు. ఇదంతా చిన్నపిల్లల ఆటలా ఉందని ఆయన ముఖమే చెబుతోంది.

గురువుగారు నా పక్షం చెప్పడం మొదలుపెట్టారు. మొదట చిన్న చిన్న యుక్తులు. ఈ అమ్మాయి తెలివైనది కదా, తెలివైనవారికి చెప్పాలి కదా అన్నారు. వెంటనే, ఇది బలహీనం, తెలివి ఉన్నంత మాత్రాన అన్నీ చెప్పనక్కర్లేదు అని ఆయనే కొట్టేశారు. కాలేజీలో చెబుతున్నారు కదా, ఇంట్లో ఎందుకు చెప్పకూడదు అన్నారు. ఇదీ బలహీనమే అని అదీ కొట్టేశారు. మండపేట పెద్దాయన తల ఊపారు. ఇదేనా నా పక్షం అనుకున్నాను.

అప్పుడు ఆయన కాస్త ముందుకు వంగారు. గొంతు మారింది. అసలు ఈ శాస్త్రం దేనికి పుట్టింది అని అడిగి, సందేహం తీర్చడానికి అని తనే చెప్పారు. సందేహం లేనివాడికి ఈ శాస్త్రంతో పనిలేదు. సందేహం ఎవరికి పుడితే వారికి ఇందులో హక్కు ఉంది. నా దగ్గర చదివినవాళ్లలో చాలామంది సందేహం లేకుండానే వచ్చారు, నాన్న పంపితే వచ్చారు, నేను చెప్పాను. ఈ పిల్ల మంచును చూసి పొరబడిన తండ్రి కోసం సందేహపడి వచ్చింది, ఈమెకు కాదన్నాను. వైద్యుడు ఒంట్లో బాగున్నవాళ్లందరికీ మందిచ్చి, జబ్బుతో వచ్చినవాణ్ని గుమ్మంలోంచే పంపినట్టయింది అన్నారు. ఇదంతా ఆయన నా గొంతుతో, నా కోపంతో చెబుతున్నారు. ఎక్కడా మెత్తబడలేదు. తనను తాను ఎక్కడా కాపాడుకోలేదు.

తర్వాత వంటింటి వైపు తిరిగారు. గుమ్మంలో నిలబడ్డ భార్యనూ, పీట మీద కూర్చున్న మా అమ్మనూ చూశారు.

"ఇంకొకటి ఉంది. పొగ ఉన్నచోట నిప్పు ఉంటుందని చెప్పడానికి మన శాస్త్రం మొదటి ఉదాహరణగా వంటింటిని చూపిస్తుంది. ఎక్కడ చూశావయ్యా అంటే, వంటింట్లో చూశాను అనాలి. నేను యౌవనం నుంచీ ఆ ఉదాహరణ చెబుతున్నాను. ఒక్కరోజు కూడా పొయ్యి వెలిగించలేదు. ఆ పొగ మింగినవాళ్లు గుమ్మం అవతల ఉన్నారు. చూసినవాళ్లకు చెప్పకుండా, చూడనివాళ్లం ఒకరికొకరం చెప్పుకుంటున్నాం."

లోపల పాలు పొంగిన వాసన వచ్చింది. గురువుగారి భార్య కదల్లేదు. ఆ ఇల్లాలు పొయ్యి మీద పాలు పొంగిపోనివ్వడం ఆ ఒక్కసారే జరిగి ఉంటుంది.

ఇదేనా నీ పక్షం అని ఆయన నన్ను అడిగారు. నా పక్షం ఇంత ఉందని నాకు తెలియదండీ అన్నాను. నాకు ఏడుపొచ్చేసింది. ఇంకేమైనా మిగిలిందా అన్నారు. లేదని తల ఊపాను.

ఇక ఖండించాలి. ఆయన నిటారుగా కూర్చున్నారు. శిష్యులు సర్దుకున్నారు. మా గురువుగారు ఏమనేవారంటే అని మొదలుపెట్టి ఆగిపోయారు. అది ఆయన మీద గౌరవమే గానీ కారణం కాదు అని తనలో తనే అన్నట్టు అన్నారు. మరొకటి ఎత్తుకున్నారు, సగంలో ఆపి వేలితో నేల మీద గీసుకుంటూ ఆలోచించారు. ఎన్ని సభల్లో ఎంతమందికి ఊపిరాడనివ్వని మనిషో, ఆ మనిషి మా అందరి ముందూ ఒక యుక్తి కోసం నిజాయితీగా వెతుక్కుంటున్నారు. నటన కాదు. నాకు దయచూపాలని కాదు. దొరికి ఉంటే తప్పకుండా ఖండించేవారు, నన్ను పంపేసేవారు. అది నాకు తెలుసు కనకే ఆ నిశ్శబ్దంలో ఒళ్లు గగుర్పొడిచింది. నేను గుళ్లకు వెళ్లాను, పుష్కరాలకు జనసముద్రంలో మునిగాను. అలాంటిది ఎక్కడా కలగలేదు.

"ఈ పక్షానికి నా దగ్గర సమాధానం లేదు" అన్నారు.

మండపేట పెద్దాయన గబుక్కున ముందుకు జరిగారు. నీకు తట్టకపోతే నేను చెబుతాను అన్నారు. గురువుగారు చేతులు జోడించి, తప్పకుండా చెప్పు, కానీ ముందు ఆమె పక్షం నువ్వు చెప్పు, ఆమె అవుననేలా చెప్పి అప్పుడు ఖండించు అన్నారు. పెద్దాయన నా వైపు చూశారు. నోరు తెరిచారు. ఏమనుకున్నారో, ఉత్తరీయం భుజాన వేసుకొని, గొడుగు తీసుకొని లేచిపోయారు. గురువుగారు ఆయన వెనకాలే గేటు దాకా వెళ్లి సాగనంపారు. తిరిగి వచ్చి, రేపు నవమి, పొద్దున్నే రామ్మా, పాఠం ఉంది అన్నారు నాతో.

వెనక్కి బస్సులోనే వచ్చాం. బ్యారేజీ దాటాక అమ్మ, "ఆయన నీ తరఫున మాట్లాడుతుంటే, కన్నవాళ్లం మేం కూడా నీ గురించి అంత ఆలోచించలేదనిపించిందే" అంది. తర్వాత కొంగుతో ముఖం తుడుచుకొని, మార్కెట్టుకు రేపు నాన్న వెళ్తాడులే అంది.

ఆ తర్వాత చాలా ఏళ్లు చదువుకున్నాను. అది సుఖంగా సాగిందని చెప్పను. శిష్యుల్లో ఇద్దరు మానేశారు. కొన్ని సభల నుంచి ఆయనకు పిలుపులు ఆగిపోయాయి. మండపేట పెద్దాయన మళ్లీ ఆ గుమ్మం తొక్కలేదు. గురువుగారు సాయంత్రం పూట వీధి వైపు చూసే చూపులో ఆ స్నేహితుడి కోసం వెతుకులాట నాకు తెలిసేది. ఒకసారి ఉండబట్టలేక, నా వల్లే కదండీ అన్నాను. వాడి పక్షం కూడా ఎవరైనా సరిగ్గా చెబితే బాగుణ్ను అన్నారు. పాఠం జరిగేటప్పుడు ఆయన భార్య బియ్యం చేటతో మండువాలోకి వచ్చి కూర్చోవడం మొదలైంది. ఒకరోజు ఆయన పట్టుబట్టి వంటింట్లోకి వెళ్లి పొయ్యి వెలిగించారు. అప్పటికే ఇంటికి గ్యాసు వచ్చేసింది. పొగ రాలేదేంటని ఆయన నిరాశపడితే మేమంతా నవ్వలేక చచ్చాం.

రెండువేల సంవత్సరం దాటిన కొన్నేళ్లకు ఆయన పోయారు. అప్పటికి నేనూ కాలేజీలో పాఠం చెబుతున్నాను. రాజమండ్రిలో సంతాపసభ పెట్టారు. హాలు నిండిపోయింది. మాట్లాడిన ప్రతివారూ అదే మాట, ఓటమి ఎరుగని పండితుడు అని. ముందు వరుసలో గురువుగారి భార్య కూర్చున్నారు. ఆ వరుస చివర, చేతికర్ర పట్టుకొని, బాగా కుంగిపోయిన మండపేట పెద్దాయన. నన్ను పిలిచినప్పుడు ఒళ్లు మండిపోతూనే మైకు దగ్గరికి వెళ్లాను. ఆ అష్టమి సంగతి మొత్తం చెప్పాను. హాల్లో గొణుగుడు మొదలైంది. పెద్దాయన తల దించుకున్నారు.

ఆయన అలా తల దించుకోవడం చూశాక నా కోపం ఏమైందో తెలియదు. ఆయన కోసం ఏళ్ల తరబడి తయారుచేసి పెట్టుకున్న ఖండన నా నాలుక చివర ఉంది. దానికి ముందు చెప్పాల్సింది ఒకటుంది కదా. చెప్పాను. పెద్దాయన పక్షం చెప్పాను. ఈ విద్యను తరతరాలుగా కొందరు పస్తులుండి కాపాడారు, రాజ్యాలు పోయినా ఒక్క మాట జారిపోనివ్వలేదు. తలుపు తెరిస్తే గాలికి దీపం ఆరిపోతుందేమోనని భయపడ్డారు. ఆ భయాన్ని వెక్కిరించడం తేలిక. ఆ చేతులు అడ్డుపెట్టి ఉండకపోతే, నేను వెళ్లి అడగడానికి అక్కడ దీపమే ఉండేది కాదు. చిన్ననాటి స్నేహితుడు ఆ తలుపు తీస్తుంటే చూడలేక వెళ్లిపోయిన మనిషిది ద్వేషం కాదు, దిగులు.

చెబుతున్నకొద్దీ అది నా మాటే అయిపోయింది. ఆయన వైపు తిరిగి, మీ పక్షం ఇదేనాండీ, ఇంకేమైనా మిగిలిందా అని అడిగాను.

పెద్దాయన కర్ర ఆనించుకొని లేచారు. మైకు ఇవ్వబోతే వద్దన్నారు.

"ఒకటి మిగిలిందమ్మా. ఆ రోజు నీ పక్షం చెప్పమని అడిగాడు వాడు. నాకు చెప్పడం వచ్చు. చెబితే ఒప్పుకోవాల్సి వస్తుందని తెలిసి లేచి వెళ్లిపోయాను. వాడు ఓడిపోగలిగాడు, నేను ఓడలేకపోయాను. అది కూడా నా పక్షంలో కలుపు."

ముందు వరుసలో గురువుగారి భార్య లేచి వెళ్లి ఆయన పక్క కుర్చీలో కూర్చున్నారు. ఇన్నేళ్లు దాచుకున్న ఖండనలో నాకు ఒక్క ముక్క గుర్తులేదు.

"కలిపానండి" అన్నాను.